చీరల బజారులో జన్యువుల బేరం

గత సంచికలో బాయిలరు నీటిశుద్ధిని గురించి రాస్తూ, వచ్చే మాసం మనిషి పొట్టలో పనిచేసే రియాక్టరును గురించి ముచ్చటించుకుందామని పాఠకులకు మాట ఇచ్చాను. ఏదో నాలుగు మాటలు పెరుగు మీద, మజ్జిగ మీద రాసి ముగించవచ్చుననే ధీమాతో ఇచ్చిన మాట అది. ఈలోగా సూరత్ రింగ్ రోడ్‌లో జరిగిన ఒక చిన్న సంఘటన నా ధీమాను పోగొట్టి, మూడు ఆదివారాలు పుస్తకాల ముందు కూర్చోబెట్టింది.

ఇక్కడ పనిచేసిన మన ఉద్యోగులకు రింగ్ రోడ్‌ను పరిచయం చేయనక్కరలేదు. సహారా దర్వాజా మొదలుకొని ఉధ్నా దర్వాజా, మజూరా గేట్ వరకు ఫ్లైఓవరుకు ఇరువైపులా బట్టల మార్కెట్లు. ఒక్కొక్క భవనంలో వందలాది దుకాణాలు. తలమీద చీరల మూటలతో పరుగులు తీసే కూలీలు. మన ఇళ్ళలో పెళ్ళి కుదిరిందంటే ముందుగా గుర్తుకు వచ్చేది ఆ వీధే. అక్కడ ఒక దుకాణంలో గుమాస్తాగా ఉన్న సిరిసిల్ల ప్రాంతపు పెద్దమనిషి నాకు చిరకాల పరిచితుడు. మరమగ్గాల పనికోసం తండ్రితోపాటు బాల్యంలోనే లింబాయత్ వచ్చి స్థిరపడ్డ కుటుంబం. గుజరాతీ అనర్గళంగా మాట్లాడినా నన్ను చూడగానే సిరిసిల్ల మాటే నోటికి వస్తుంది.

వేసవిలో మేనకోడలి పెళ్ళి చీరలకు వెళ్ళినప్పుడు ఆయన బేరం మధ్యలో ఆపి, గల్లాపెట్టె వెనుక నుంచి ఒక రంగుల డబ్బా తీసి చూపించాడు. "సారూ, మీరు చదువుకున్నోళ్ళు, జెర చూడుండ్రి. గీ పొడి తాగితే మన జీన్సే మారుతయంట. లావు తగ్గుతదంట, షుగరు పోతదంట" అన్నాడు. బట్టల బజారులో జీన్స్ మార్చడం పది నిమిషాల పని కదా అని నేను హాస్యమాడబోయాను. కాని ఆయన తరువాతి మాటతో నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఏడేళ్ళుగా వాడుతున్న మెట్‌ఫార్మిన్ మాత్రలను ఆయన నెలన్నర క్రితమే మానివేశాడట. నెలకు రెండువేల పైచిలుకు పెట్టి పొడి కొంటున్నప్పుడు ఇంకా మాత్రల ఖర్చెందుకని. ఆయన జీతం నాకు తెలుసు. రెండువేలంటే ఇంటద్దెలో మూడోవంతు.

నేను వైద్యుడిని కాను, రసాయన ఇంజనీరును. కనుక, వెంటనే తన వైద్యుని కలిసి రక్తపరీక్ష చేయించుకొమ్మని మాత్రమే గట్టిగా చెప్పి, డబ్బా మీది విషయాన్ని చదివి చెబుతానని వచ్చాను. ఈ వ్యాసం ఆయనకు చెప్పిన దానికి కొంచెం విస్తృత రూపం.

పొట్టలోని సూక్ష్మజీవులకూ మన శరీరపు బరువుకూ సంబంధం ఉన్నదనే ఆలోచన ఎక్కడ మొదలైందని వెతికితే, చిత్రంగా ఆ దారి నన్ను తిరిగి సూరత్‌కే తీసుకువచ్చింది. 1994 సెప్టెంబరులో ఈ నగరానికి ప్లేగు వచ్చింది. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. రైల్వేస్టేషనులో జనం కిటికీలలోంచి పెట్టెల్లోకి దూరడం, లక్షలాది మంది ఊరు విడిచిపోవడం, రింగ్ రోడ్ దుకాణాల షట్టర్లన్నీ మూతపడి పట్టపగలు ఆ వీధి శ్మశానంలా ఉండటం కళ్ళారా చూశాను. మందుల దుకాణాల వద్ద అందరి నోటా ఒకటే మాట: టెట్రాసైక్లిన్. నేనూ ఒక పట్టీ జేబులో పెట్టుకొని తిరిగినవాడినే. సూక్ష్మజీవి అంటే యమదూత అని ఆ నెలరోజులలో నా మనస్సులో ముద్రపడింది. అదే వీధిలో ఇప్పుడు డబ్బు పెట్టి బతికున్న సూక్ష్మజీవులను కొనుక్కొని తాగుతున్నారు!

ఆ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రవేత్త మట్టిలోని జీవి నుండి దానిని వెలికితీసి 1948లో లోకానికి ప్రకటించాడు. ఆ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన 1948 ఆగస్టులోనే కన్నుమూశారు. ఈ కథలో మనకు కావలసిన మలుపు అదే ప్రయోగశాలలో ఆ వెంటనే వచ్చింది. థామస్ జూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు, కోడిపిల్లల మేతలో విటమిన్ బి-12 కోసం రకరకాల పదార్థాలు కలిపి చూస్తూ, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పిని కూడా కలిపారు. ఆ పిప్పి తిన్న పిల్లలు తక్కినవాటికంటే వేగంగా బరువు పెరిగాయి. కారణం విటమిన్ ఒక్కటే కాదు, పిప్పిలో మిగిలిన మందు కూడా అని తేలింది. ఆపైన దశాబ్దాల తరబడి ప్రపంచమంతటా కోళ్ళకు, పందులకు, పశువులకు కొద్దికొద్దిగా యాంటిబయాటిక్స్ మేపి బరువు పెంచారు. బరువు పెంచడానికి ఇలా వాడటాన్ని ఐరోపా సమాజం 2006లో పూర్తిగా నిషేధించింది. పొట్టలోని సూక్ష్మజీవులను కదిలిస్తే బరువు కదులుతుందనే సంగతి, శాస్త్రజ్ఞులకంటే ముందుగా కోళ్ళ వ్యాపారులకు తెలిసిందన్నమాట. ఎందుకు కదులుతుందో మాత్రం యాభై ఏళ్ళపాటు ఎవరూ పెద్దగా అడగలేదు.

అడిగినవారిలో ముఖ్యుడు సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ గోర్డన్. ఆయన బృందం పుట్టుక నుండి ఏ సూక్ష్మజీవీ సోకకుండా గాజు అరలలో పెంచిన ఎలుకలను తీసుకొని, మామూలు ఎలుకల పేగులలోని సూక్ష్మజీవులను వాటికి అంటించింది. రెండువారాలలో వాటి ఒంటి కొవ్వు సుమారు 60 శాతం పెరిగింది. విశేషమేమంటే అవి మునుపటికంటే తక్కువ మేత తిన్నాయి. 2004లో వెలువడిన ఈ ఫలితం వెనుక ఉన్న యంత్రాంగమే మన గుమాస్తా గారి డబ్బా మీది 'జీన్స్' అనే మాటకు మూలం. కనుక ఇక్కడ కొంచెం నిలబడదాం.

మన ప్లాంటులో డ్రాయింగు ఒకటి, కంట్రోల్ రూము మరొకటి. డ్రాయింగులో ప్రతి పైపు, ప్రతి వాల్వు ఉంటుంది. ఈ క్షణాన ఏ వాల్వు ఎంత తెరిచి ఉన్నదో అందులో ఉండదు. జన్యువులు డ్రాయింగు వంటివి. మనిషిలో ప్రోటీన్లను తయారుచేసే జన్యువులు దాదాపు ఇరవై వేలు. కాలేయ కణంలోనూ, కంటి కణంలోనూ అవే ఉంటాయి. ఏ కణంలో ఏ జన్యువు ఎంతగా పని చేస్తున్నదనే దానినే జన్యు వ్యక్తీకరణ అంటారు. ఇది కంట్రోల్ రూము వ్యవహారం. గోర్డన్ ఎలుకలలో జరిగింది ఇదే: కొవ్వును కణాలలో దాచిపెట్టే ఒక ఎంజైమును అదుపులో ఉంచే ప్రోటీను ఒకటి పేగులలో తయారవుతుంది. సూక్ష్మజీవులు చేరగానే పేగులలో ఆ ప్రోటీను జన్యువు పని తగ్గింది. కాపలా తగ్గేసరికి ఎంజైము విజృంభించి కొవ్వును గోదాములకు చేర్చింది. డ్రాయింగులో ఒక్క గీత మారలేదు. వాల్వు మాత్రం కదిలింది.

డ్రాయింగే తప్పయితే ఏమవుతుందో చూడాలంటే హైదరాబాదు పోవాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో దశాబ్దాలుగా పెంచుతూ వచ్చిన ఎలుకల సంతతిలో, 1990లలో విపరీతమైన స్థూలకాయం గల ఎలుకలు తలెత్తాయి. ఆ సంస్థ వాటిని ప్రత్యేక జాతిగా పెంచి స్థూలకాయ పరిశోధనలకు ఉపయోగిస్తున్నది. అవి పుట్టుకతో వచ్చిన జన్యులోపం గలవి. తిండి ఆపమని మెదడుకు అందవలసిన కబురు వాటికి సరిగా అందదు. మనుషులలో ఇలాంటి ఒకే జన్యువు లోపంతో లావెక్కేవారు చాలా అరుదు. 2007లో బయటపడిన ఎఫ్.టి.ఒ. అనే జన్యువును గురించి పత్రికలు ఎంతో రాశాయి. తల్లి నుండీ తండ్రి నుండీ దాని ప్రతికూల రూపాన్ని పొందినవారు ఇతరులకంటే బరువులో సగటున మూడు కిలోలు మాత్రమే ఎక్కువ. కాబట్టి 'మా వంశమే ఇంతండీ' అని నిట్టూర్చేవారు (నేను కూడా అందులో ఉన్నాను) డ్రాయింగు మీద పూర్తి నేరం మోపడం న్యాయం కాదు.

సూక్ష్మజీవులు మన వాల్వులను కదిపే మార్గాలలో నాకు మిక్కిలి నచ్చినది మరొకటి ఉన్నది. మనం అరిగించుకోలేని పీచుపదార్థాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యుటిరేట్ వంటి చిన్న ఆమ్లాలను తయారుచేస్తాయి. ఇక మన కణం సంగతి: ఒక్కొక్క కణంలోని డి.ఎన్.ఎ. దారం సాగదీస్తే దాదాపు రెండు మీటర్లు. అది హిస్టోన్లనే ప్రోటీను బాబిన్లకు చుట్టి ఉంటుంది. చుట్టు బిగువుగా ఉన్నచోట జన్యువును చదవడం కుదరదు, వదులైతే చదవవచ్చు. బిగువు తగ్గకుండా చూసే ఎంజైములను బ్యుటిరేట్ అడ్డుకుంటుంది, చుట్టు వదులవుతుంది. ఇదిగాక ఆ చిన్న ఆమ్లాలు పేగు గోడలోని కణాలను తట్టి, ఆకలిని తగ్గించి ఇన్సులిన్‌కు తోడ్పడే జి.ఎల్.పి.-1 అనే హార్మోనును విడుదల చేయిస్తాయి. ఈనాడు ఎంతో ఖరీదు పెట్టి పొడిపించుకుంటున్న బరువు తగ్గించే సూదిమందులు ఆ హార్మోనుకు అనుకరణలే. మరమగ్గాల ఇంటివాడు గనుక గుమాస్తా గారికి బాబిను ఉదాహరణ నాకంటే బాగా అర్థమైంది.

ఇంతవరకు విని ఆయన, "అయితే డబ్బాల రాసింది నిజమే గద సారూ" అన్నాడు. అక్కడే ఉంది తిరకాసు. పేగులలోని సూక్ష్మజీవుల సమాజం జన్యు వ్యక్తీకరణను మారుస్తుందన్నది నిజం. పొడిలో వచ్చిన నాలుగు రకాల సూక్ష్మజీవులు స్థూలకాయుని బరువు తగ్గిస్తాయన్నది వేరే వాక్యం.

మొదటి వాక్యానికి మనుషులలోనే మంచి సాక్ష్యం ఉన్నది. నెదర్లాండ్స్‌లో కొందరు ఆరోగ్యవంతులకు లాక్టోబాసిల్లస్ జాతులను తాగించి, కొన్ని గంటల తరువాత చిన్నపేగు పైభాగం నుండి పొరముక్కలు తీసి చూశారు. 2009లోను, 2011లోను వెలువడిన ఆ ఫలితాలలో వందలాది జన్యువుల పని మారినట్లు కనిపించింది. ఒక్కొక్క జాతి ఒక్కొక్క రకం మార్పు తెచ్చింది. ఒకే జాతి బతికి ఉన్నప్పుడు ఒకలా, చంపి ఇచ్చినప్పుడు మరొకలా ప్రభావం చూపింది. మనిషికీ మనిషికీ ఉన్న తేడా అయితే చాలా పెద్దది. గమనించవలసినది, వారంతా ఆరోగ్యవంతులు. చూసింది కొన్ని గంటల మార్పును. వాల్వు కదిలిందని రికార్డరు మీద గీత కనిపించినంత మాత్రాన ఉత్పత్తి పెరిగిందని మన షిఫ్ట్ ఇన్‌చార్జి రిపోర్టు రాస్తే మనం ఒప్పుకుంటామా?

రెండవ వాక్యానికి సాక్ష్యం పలచన. జపాన్‌లో లాక్టోబాసిల్లస్ గాసెరీ అనే జాతిలో ఒకానొక రకాన్ని కలిపిన పాల పదార్థాన్ని 210 మందికి పన్నెండు వారాలు ఇచ్చినప్పుడు కడుపులోపలి కొవ్వు విస్తీర్ణం 8.5 శాతం వరకు తగ్గింది. 2013లో వచ్చిన ఈ ఫలితాన్ని డబ్బాల మీద వేసుకుంటారు. అది తాగడం ఆపిన నాలుగు వారాలకే లాభం కరిగిపోసాగిందని అదే పరిశోధన చెప్పిన సంగతిని వేసుకోరు. బెల్జియంలో అక్కర్‌మాన్సియా అనే సూక్ష్మజీవిని అధిక బరువు గల 32 మంది మూడునెలలు తీసుకొన్నారు. 2019లో ప్రకటించిన ఆ ఫలితంలో, వేడిచేసి చంపిన సూక్ష్మజీవి తీసుకున్నవారికి ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, కొలెస్టరాల్ తగ్గింది. బరువు రెండు కిలోల చొప్పున తగ్గినా అది కాకతాళీయం కాదని గణితం రూఢి చేయలేదు. ఇక కెనడాలో మరో జాతితో చేసిన ప్రయోగంలో స్త్రీలకు బరువు తగ్గడంలో తోడ్పాటు కనిపించింది, పురుషులకు కనిపించలేదు. లాక్టోబాసిల్లస్ కుటుంబంలోనే కొన్ని జాతులు జంతువుల బరువును పెంచినట్లు కూడా ప్రయోగాలున్నాయి. పేరులో 'లాక్టో' ఉన్నదల్లా ఒకటి కాదు; పాలపొడి, పాలరాయి రెంటిలోనూ పాలు ఉన్నట్లే.

నాకు లెక్క వేస్తేగాని తృప్తి ఉండదు. ఒక మనిషి ఒంట్లో సూక్ష్మజీవులు సుమారు 38 లక్షల కోట్లని 2016లో చేసిన అంచనా. ఆ పొడి పొట్లంలో వంద కోట్లని ముద్రించి ఉన్నది. అంటే 38 వేలకు ఒకటి. 2011 జనాభా లెక్కల ప్రకారం 44 లక్షల పైచిలుకు ఉన్న సూరత్ నగరంలో రెండు బస్సుల జనం, నూట పదిహేడు మంది దిగినట్లు. నగరం మారిపోతుందా? వారు ఎక్కడ దిగుతారు, ఎన్నాళ్ళు ఉంటారన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. చిన్నపేగులో స్థానికులు తక్కువ కాబట్టి అక్కడ కొత్తవారి సందడి తెలుస్తుంది. పెద్దపేగు కిక్కిరిసిన బజారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవారు 2018లో పదకొండు జాతుల మిశ్రమం తాగినవారి పేగులలోకి గొట్టంతో దిగి చూస్తే, కొందరిలో ఆ అతిథులు కాపురం పెట్టాయి, మరికొందరిలో వచ్చిన దారినే పోయాయి. ఎవరిలో నిలుస్తాయో వారి పేగు ముందే నిర్ణయించుకొని ఉన్నది.

గోర్డన్ బృందమే 2013లో చేసిన మరో ప్రయోగాన్ని ప్రస్తావించకుండా ఉండలేను. కవలలలో ఒకరు లావు, ఒకరు సన్నం. వారి సూక్ష్మజీవులను వేర్వేరు ఎలుకలకు అంటించారు. లావు మనిషి సూక్ష్మజీవులు పొందిన ఎలుకకు కొవ్వు ఎక్కువ పట్టింది. రెండు ఎలుకలనూ ఒకే బోనులో ఉంచితే సన్నపు మనిషి సూక్ష్మజీవులు రెండవదానిలోకి వలసపోయి కొవ్వు పట్టకుండా కాపాడాయి. అయితే మేతలో పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్నప్పుడే. నెయ్యీ కొవ్వూ దండిగా ఉండి కూరా పండూ లేని మేత పెడితే వలస సాగలేదు. సూరత్‌లో భోజనం, కాశీలో మరణం అని ఇక్కడివారి సామెత. ఆ భోజనంలో ఘారీ, లోచో ఉన్నాయి. చలికాలపు ఊంధియూలో చిక్కుడు, కందగడ్డ, వంకాయ కూడా ఉన్నాయి. సూక్ష్మజీవులను తెచ్చుకోవడం ఒక ఎత్తు, వాటికి మేత పెట్టడం మరొక ఎత్తు.

ఇంటి పెరుగు సంగతి అడుగుతారని తెలుసు. పెరుగు మంచిదే. కాని ఏ జాతి, ఎంత సంఖ్య, ఏ ప్రయోజనం అన్నవి నిరూపణ అయితే తప్ప దానిని ప్రోబయోటిక్ అనకూడదని నిర్వచనం. మన భారత వైద్య పరిశోధన మండలి, జీవసాంకేతిక విభాగం కలిసి 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆ నిరూపణనే కోరుతున్నాయి. మా అమ్మ తోడుపెట్టే పెరుగుకు ఆ ధ్రువపత్రం లేదు. నేను తినడం మానలేదు.

తిరిగి రింగ్ రోడ్‌కు. రక్తపరీక్షలో ఆయన పరగడుపు చక్కెర 238 వచ్చింది. వైద్యుడు చీవాట్లు పెట్టి మెట్‌ఫార్మిన్ మళ్ళీ మొదలుపెట్టించాడు. నేను అప్పటికి చదివిన ఒక విషయం ఆయనకు చెప్పినప్పుడు చాలాసేపు మౌనంగా ఉండిపోయాడు. మెట్‌ఫార్మిన్ వాడేవారి పేగులలోని సూక్ష్మజీవుల సమాజమే మారుతుందని, అక్కర్‌మాన్సియా వంటివి అందులో పెరుగుతాయని 2015 తరువాత పలు పరిశోధనలలో తేలింది. రెండువేల పొడి చేస్తానన్న పనిలో కొంత, ఆయన మానివేసిన చవక మాత్రే చేస్తూ ఉండినది.

డబ్బాను ఇద్దరం కలిసి పరిశీలించాము. జాతి పేర్లున్నాయి, రకం సంఖ్యలు లేవు. వంద కోట్లు అన్నది తయారైన రోజు లెక్కా, గడువు తీరే రోజు లెక్కా రాయలేదు. చల్లనిచోట ఉంచవలెనని సన్నని అక్షరాలలో ఉన్నది; ఆయన దానిని మే నెలంతా రేకు పైకప్పు కింద, ఇస్త్రీబల్ల పక్కన ఉంచాడు. "అయితే అన్నీ సచ్చిపోయినయేమో" అని ఆయన నవ్వాడు. చచ్చినవి కూడా కొన్ని పని చేస్తాయని బెల్జియంవారు చెప్పారని నేను నోరు జారబోయి ఆపుకున్నాను.

బరువు తూచే యంత్రం దుకాణంలో లేదు, కాని కొలిచే టేపుకు కొదువలేదు. మన దేశపు వారికి బరువుకంటే నడుము కొలతే నమ్మదగినదని ఎప్పుడో చదివాను. పూనాకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ ఇద్దరి ఎత్తు-బరువుల సూచిక ఒకటే, 22.3. ఒంటి కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఇద్దరూ తమ ఫొటోతో సహా 2004లో లాన్సెట్ పత్రికలో ప్రకటించుకున్నారు. మన పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటకూడదని మన వైద్యులు గీసిన గీత.

ఆ రోజు ఆయన నడుము 103. అప్పటినుంచి ఉదయం దుకాణాలు తెరవకముందే సహారా దర్వాజా నుండి ఉధ్నా దర్వాజా వరకు ఫ్లైఓవరు కింద నడిచి వస్తున్నాడు. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. మొన్న శ్రావణమాసపు చీరలకు మా ఇంటావిడతో వెళ్ళినప్పుడు తానే టేపు చుట్టుకొని చూపించాడు: 98. పరగడుపు చక్కెర 142. సంతోషించి బయలుదేరబోతుంటే, "సారూ, గట్ల పోతె ఎట్ల? మీరు గూడ నిలబడుండ్రి" అని చేయి పట్టుకున్నాడు. మా ఆవిడ సమక్షంలో, కొనుగోలుదారుల సమక్షంలో టేపు చుట్టాడు. 99 సెంటీమీటర్లు.